క్షేమంగా దిగడం నేర్పిన అత్తగారు

మా అత్తగారు కిందటి నెల ఒక శుక్రవారం పొద్దున పోయారు. కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానన్నారు. మళ్లీ లేవలేదు. వినుకొండలో మా స్టీలు సామాన్ల కొట్టుకు వచ్చేవాళ్లకి ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దావిడ. నాకు మాత్రం కొండెక్కడం నేర్పిన గురువు.

కాలేజీలో చదివేటప్పుడు ఆవిడ హిమాలయాలకు వెళ్లి కొండలెక్కే శిక్షణ తీసుకున్నారట. పెళ్లయ్యాక కొట్టు, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు. అయినా ఆదివారం పొద్దున మా ఊరి కొండెక్కి రావడం మానలేదు. మొదట్లో విసుక్కున్న మామగారే తర్వాత నీళ్ల సీసా నింపి ఇచ్చేవారు.

నేను శావల్యాపురం నుంచి కోడలిగా వచ్చాను. మేడ మెట్లు దిగాలన్నా గోడ పట్టుకునే రకాన్ని. ఒకరోజు "ఏమే, రేపు నాతో రా" అన్నారు.

"నాకు చానా భయం అత్తయ్యా."

"ఉండనీ. భయం లేనోళ్లని నేను వెంట తీసకపోను."

పాదం మొత్తం రాతి మీద ఆనించమనేవారు. గడ్డి పట్టుకుని పైకి లాక్కోవద్దనేవారు. దప్పికయ్యేదాకా ఆగకుండా ముందే రెండు గుక్కలు తాగించేవారు. మధ్యమధ్యలో నన్ను వెనక్కి తిప్పి, "దిగేటప్పుడు దారి ఇట్టా కనపడుద్ది, బాగా చూసుకో" అనేవారు. ఎటు వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో ఇంట్లో చెప్పందే గడప దాటేవారు కాదు. మెల్లగా వీధిలోని ఆడవాళ్లు కూడా మాతో కలిశారు.

ఒక వానాకాలం నలుగురం కొండవీడు వెళ్లాం. రోడ్డు వదిలి, ఎండిన వాగు దాటి, పక్క కొండ ఎక్కుతున్నాం. శిఖరం చేతికందేంత దగ్గర్లో ఉంది. అత్తగారు ఆగి పడమటి వైపు చూశారు. అక్కడ మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

"దిగుదాం పదండి."

"అదుగో, వచ్చేశాంగా అత్తయ్యా! ఇంకెంతసేపు?"

"కొండ ఎక్కడికీ పోదే. మనం ఇంటికి పోవాల."

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. అందరం వెనక్కి తిరిగాం. సగం దిగామో లేదో వాన మీద పడింది. పెద్ద చెట్టు కిందికి పరిగెత్తబోతే ఆవిడ నా చెయ్యి పట్టి ఆపారు. పల్లంలో మమ్మల్ని దూరం దూరంగా, కాళ్లు దగ్గరకు ముడుచుకుని గొంతుక్కూర్చోమన్నారు. అప్పుడు పడింది పిడుగు. మేం వెళ్లాలనుకున్న ఆ శిఖరం మీదే. కళ్ల ముందంతా తెల్లబడింది. కాళ్ల కింద కొండ అదిరినట్టయింది.

ఉరుములు దూరమయ్యాక వాగు దగ్గరకొచ్చాం. పొద్దున చెప్పులు తడవకుండా దాటిన వాగు ఎర్రగా, రాళ్లు దొర్లించుకుంటూ పరిగెడుతోంది. "మోకాలి లోతేగా, చేతులు పట్టుకుని దాటేద్దాం" అంది మా పక్కింటి పిన్ని.

"ఒద్దు. నీళ్లు తగ్గేదాకా కూర్చుందాం."

చలికి నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆవిడ సంచిలోంచి పొడి తువ్వాలు తీసి నా తల తుడిచారు. తలా ఒక బెల్లం ముక్క పెట్టారు. ఆవిడ వేళ్లు కూడా వణుకుతున్నాయని అప్పుడు గమనించాను. అంత భయాన్ని గుండెల్లో పెట్టుకుని అంత నిదానంగా మాట్లాడిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

వాగు తగ్గేసరికి ఎండొచ్చింది. కింద చెరువులు, పత్తి చేలు, మిరప చేలు అన్నీ ఒక్కసారిగా మెరిశాయి. "చూడవే, ఎంత బాగుందో!" అన్నారు, అదే మొదటిసారి చూస్తున్నట్టు.

మోకాళ్లు మొరాయించాక ఆవిడ వీధరుగు మీదే ఉండిపోయారు. మేం కొండ మీదుంటే ఫోన్ చేసి, "గాలి ఎటు కొడతంది? మబ్బుందా?" అని అడిగేవారు. కిందికొచ్చామని చెప్పేదాకా టిఫిన్ ముట్టేవారు కాదు.

కర్మలన్నీ అయ్యాక, మొన్న ఆదివారం మేమంతా కొండెక్కాం. ఎవరూ పిలుచుకోలేదు. ఒక్కొక్కరే మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. పైకెళ్లేసరికి ఊరు లేదు. బస్టాండు, బజారు, మా ఇల్లు, అన్నీ మంచు కింద. ఆ తెల్లటి మంచు మీద ఎండ పడుతోంది. కింద ఎక్కడో రైలు కూసింది. రైలు కనపడలేదు. దాని చప్పుడు మాత్రం ఆ తెలుపు అడుగున కదిలి, నెమ్మదిగా గుంటూరు వైపు సాగిపోయింది.