చాచా వేలాడగట్టిన మైకు

నా చిన్నప్పుడు గగన్‌పహాడ్‌లో మా పక్కింట్లో ఒక చాచా ఉండేవాడు. తెలుగులో పాటలు కట్టి, వాటికి డప్పు, కీబోర్డు కలిపి క్యాసెట్లు చేసేవాడు. ఇప్పుడు ప్రతి పెళ్లి బరాత్‌లో డీజే పెట్టెలు మోగించే ఆ తరహా పాటలను మా చుట్టుపక్కల మొదట చేసింది ఆయనే. ఆయన ఏనాడూ ఆ మాట చెప్పుకోలేదు. నేను చెబుతాను, కాదన్నవాళ్లతో పోట్లాడతాను కూడా.

ఒకసారి బతుకమ్మ పాట రాసి, మా గల్లీ ఆడవాళ్లతోనే పాడిస్తానని పట్టుబట్టాడు. క్యాసెట్ కంపెనీవాళ్లేమో పట్నం గాయని కావాలన్నారు. చివరికి ఒక్క పూట గడువిచ్చారు. వాళ్లు పంపిన రికార్డింగ్ మిషన్ సాయంత్రానికల్లా వాపస్ పోవాలి, అప్పటికి పాట రాకపోతే వాళ్ల గాయనే పాడుతుంది. మా గుంపులో ముందు పాడేది మా అమ్మ. అందుకుని పాడేవాళ్లలో నేనూ ఉన్నాను.

గోడలకు బొంతలు కట్టిన గదిలో మమ్మల్ని మైకు ముందు వరుసగా నిలబెట్టాడు. చప్పుడు రాకుండా చేతులు కట్టుకోమన్నాడు. పట్నం స్టూడియోల్లో అలాగే చేస్తారట. వాకిట్లో ఎన్నో ఏళ్లుగా పాడిన అమ్మ మొదటి చరణంలోనే లయ తప్పింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ తప్పింది. ఒకసారి లారీ హారన్ మోగింది, ఇంకోసారి కరెంటు పోయింది. పొద్దు వాలుతోంది.

"నాతోని కాదు భాయ్. ఆ పట్నపామెనే పిలువుండ్రి," అంది అమ్మ.

చాచా కోప్పడతాడనుకున్నాను. ఆయన మాత్రం అమ్మ చేతులవైపే చూస్తున్నాడు. కట్టుకున్న చేతుల్లో ఆమె వేళ్లు ఆగకుండా తాళం వేస్తున్నాయి. చాచా లేచి, మైకును తీసి పైన ఫ్యాను కొక్కేనికి వేలాడగట్టాడు.

"గలతీ నాదే అక్కా. తిరుక్కుంట పాడేటోళ్లను నిలవెట్టి పాడమన్న. ఇగ తిరుగుండ్రి, చప్పట్లు గూడ రానియ్యుండ్రి," అన్నాడు.

మైకు కింద గుండ్రంగా తిరిగాం, వంగి చప్పట్లు కొట్టాం. మిషన్ తీసుకుపోయే మనిషి అప్పటికే గుమ్మంలోకి వచ్చాడు. చాచా చెయ్యెత్తి అతన్ని అక్కడే ఆపాడు. ఇప్పుడు తప్పితే ఇక లేదని మా అందరికీ తెలుసు. అమ్మ తప్పలేదు. పాట అయిపోయాక అక్కడే చతికిలబడి ఏడ్చింది.

తర్వాత నేను శంషాబాద్‌లో పంతులమ్మనయ్యాను. ఏ పిల్లకైనా చదువు రాదని అనబోయినప్పుడల్లా నోరు మూసుకుని, ఆ పిల్లను నేను ఎలా నిలబెట్టానో చూసుకునేదాన్ని. మనవరాళ్ల దగ్గర ఇప్పటికీ అంతే. ఆ రోజు చాచా సరేనని పట్నం గాయనిని పిలిచి ఉంటే, మా అమ్మ తనకు పాట రాదనే నమ్మి బతికేది. అది తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు భయమేస్తుంది.