రోడ్డు టైర్ల పందెం

మొన్న కారుకు టైర్లు మార్పించడానికి కాశీబుగ్గ వెళ్తే, కొట్టతను రోడ్డు టైర్లు కావాలా, గుబ్బల టైర్లు కావాలా అని అడిగాడు. రోడ్డు టైర్లే వెయ్యమని బయట కుర్చీలో కూర్చున్నానే గానీ, మనసు మాత్రం నౌపడ దగ్గరి చవిటి నేల మీదికి పోయింది. ఆ రోజుల్లో పలాస నుంచి ఉద్దానం ఊళ్ళకు సర్వీసు జీపుల్లో సగం ఒళ్ళు బయటపెట్టుకుని ప్రయాణం చేసినవాళ్ళకు నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది.

అప్పుడు నేను అక్క ఇంట్లో ఉంటూ టెక్కలిలో కొత్త ఉద్యోగానికి రోజూ వెళ్ళొస్తుండేవాణ్ణి. బావ కాశీబుగ్గ స్టాండులో జీపు నడిపేవాడు. ఏటా ఎండలు ముదిరాక ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన కాగానే, జీపులవాళ్ళంతా పెళ్ళాం పిల్లలతో, అన్నం గిన్నెలతో ఉప్పుమడుల పక్కనున్న బయలుకు చేరేవారు. ఇసుక నింపిన బస్తాలు వంకరటింకరగా నిలబెట్టి, వాటి మధ్య నుంచి ఒక్కొక్క జీపునూ విడిగా తోలాలి. బస్తా పడితే శిక్షగా కాస్త కాలం కలుపుతారు. బండి తోలడం రానివాణ్ణి గనక గడియారం పట్టుకునే పెద్దరికం నాకిచ్చారు. గెలిచినవాడికి కప్పూ లేదు, దండా లేదు. ఏడాది పొడుగునా స్టాండులో మొదటి సీరియల్, అంటే వరసలో ముందు చోటు, అతనిదే. తెల్లవారుజాము రైలు దిగినవాళ్ళతో నిండిపోయే ఆ మొదటి ట్రిప్పు మీదే ఒక సంసారం నిశ్చింతగా గడిచిపోయేది.

ఒక ఏడు, నాలుగైదు జీపులున్న ఆసామి ఒకాయన మెత్తటి నేలను పట్టుకునే గుబ్బల టైర్లు వేరే బండిలో తెచ్చి, అక్కడికక్కడే మార్చుకుని గెలిచాడు. బావకు ఒళ్ళు మండింది. స్టాండంతా కూడగట్టి, వచ్చిన టైర్లతోనే పందెం, పందెం చేసిన టైర్లతోనే ఇంటికి అని నిబంధన పెట్టించాడు. నేల పట్టు దొరకడానికి టైర్లలో గాలి తగ్గించుకోవచ్చు, కానీ ఇల్లు చేరేదాకా తిరిగి కొట్టించకూడదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని అలాగే వెళ్ళాలంటే ఎవడూ మితిమీరి గాలి తియ్యడని ఆయన లెక్క.

మరుసటి ఏడు ఆ మితి మీరింది బావే. గాలి బాగా తీసేసి, బస్తాల మధ్య వాన నీళ్ళలా జారిపోయి మొదట వచ్చాడు. అక్క ముఖంలో అంత వెలుగు మళ్ళీ నేను చూడలేదు. రెండోవాడు ఆ ఆసామే.

తిరుగు దారిలో మిగతా జీపులు ముందు వెళ్ళిపోయాయి. టెక్కలి ఇంకా రాకుండానే రబ్బరు కాలిన వాసన మొదలైంది. ఒక మలుపులో జీపు పక్కకు లాగేసి, అక్క ఒళ్ళోని చిన్నది జారి నా కాళ్ళ మీద పడింది. బావ టెక్కలి బంకులోకి తిప్పి నాలుగు చక్రాలకూ గాలి కొట్టించాడు. అక్క మెల్లగా, "ఎవులు సూసినారు? ఊరుకో మావా" అంది. ఆయన బిడ్డ తల నిమిరి బండెక్కాడు.

మర్నాడు స్టాండులో ముందు చోటు ఆయన కోసం ఖాళీగా ఉంచారు. నన్ను టెక్కలి బస్సెక్కించడానికి తీసుకొచ్చిన బావ జీపును వరస చివరికి పోనిచ్చి ఆపాడు. దిగి, అందరికీ వినబడేలా, "నిన్న టెక్కలిలో గాలి కొట్టించీసినాను. మొదటి సీరియల్ నాది కాదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆసామి తన డ్రైవరుకు ముందుకెళ్ళమని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆ ఏడు క్రిస్మస్‌కు కొత్త బట్టలు పిల్లలకు మాత్రమే వచ్చాయి. అక్క బావతో ముభావంగా ఉండేది. నాకైతే పట్టరాని కోపం. తాను పెట్టించిన నిబంధనే కదా, బిడ్డల కోసం ఒక్కసారి సడలించుకుంటే ఏం పోయిందని ఆయన ముందే గొణిగాను. నవ్వి, తినమని కంచం నా వైపు జరిపాడు.

ఇప్పుడు ఆ జీపుల్లేవు, స్టాండు చోట కొట్లు వెలిశాయి, బావ కూడా పోయి చాలా కాలమైంది. ఈనాడు ప్రతి నిబంధనకూ పైన ఒక కెమెరా వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా ఆయన మీద నాకున్న కోపం గుర్తొస్తుంది. అలా కోపగించుకోదగ్గ మనిషి మళ్ళీ నాకు దొరకలేదు.