మద్దిలేటి తాగని గ్లాసు

డాక్టర్ మద్దిలేటికి తన మీద తనకున్న గౌరవమంతా ఎమ్మెల్యే గారి బండిలో వెనక సీటు ఎక్కేదాకే మిగిలింది. వనపర్తిలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునే మనిషి, సొంతూరు పెద్దమందడి. సైంటిస్టులను ఏడాదిపాటు శాసనసభ్యుల దగ్గర కూర్చోబెట్టి, చట్టాలు చేసేవాళ్ల చెవిన నాలుగు శాస్త్రం ముక్కలు వేయించే ఫెలోషిప్ ఒకటుందంటే దరఖాస్తు పెట్టాడు. వచ్చింది. ఆ రోజు అద్దం ముందు నిలబడి "గౌరవ సభ్యులారా" అని రెండుసార్లు అనుకున్నాడు కూడా.

"నువ్వు పోయేది ఎమ్మెల్యే కాడికి. ఎమ్మెల్యేవై కాదు," అని భార్య వనజ గుర్తు చేసింది.

ఆర్నెల్లలో అతను చెవిన వేసిన శాస్త్రం కన్నా పెళ్లిళ్లలో వేసిన అక్షింతలే ఎక్కువ. ఎమ్మెల్యే వెంకటన్నకు తీరిక దొరికేది ఒక ఫంక్షన్ హాలు నుంచి ఇంకో ఫంక్షన్ హాలుకు పోయే దారిలోనే. ఏం చెప్పినా ఆ ఇరవై నిమిషాల్లో చెప్పాలి. మద్దిలేటికి ముందుమాటకే ఇరవై నిమిషాలు చాలవు.

అలాంటిది, ఎండాకాలంలో గట్టు మండలం వైపు ఒక ఊరి బడిలో బోరు వేయించి, ఆ నీళ్లు పరీక్ష చేయమని వెంకటన్న చెబితే ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తొలిసారి చూస్తే ఫ్లోరైడు హద్దుకు రెండింతలుంది. వానలు పడ్డాక చూస్తే హద్దుకు కాస్త లోపల ఉంది. ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు పచ్చబడి, ఎముకలు బిగుసుకుపోయే రకం నీళ్లని అతనికి లోలోపల గట్టిగానే తెలుసు. తెలిసినదాన్ని ఆగస్టులో ముప్పై ఎనిమిది పేజీల్లో రాశాడు. అందులోంచి "కావచ్చు", "ఉండవచ్చు", "మరిన్ని నమూనాలు అవసరం" తీసేస్తే అట్ట ఒక్కటే మిగులుతుంది.

బండిలో రిపోర్టు అందిస్తే వెంకటన్న చేత్తో బరువు చూసి పక్కన పెట్టాడు.

"డాక్టర్ సాబ్, గిదంత నాకు తెల్వదు. పిల్లలు తాగొచ్చా, తాగొద్దా? ఒక్క ముక్క చెప్పు."

"అంటే అన్నా... కాలాన్ని బట్టి ఉంటది. ఇప్పుడే ఖరారుగ చెప్పలేం. ఇంకో ఏడాది చూస్తే..."

"అంటే ఇప్పటికి పర్వాలేదన్నట్టే గదా."

కాదనడానికి మద్దిలేటి నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి "ఒక రకంగా" అన్న మాట వచ్చింది. అంతలో ఫంక్షన్ హాలు కూడా వచ్చింది.

డిసెంబరులో ఆ బడి దగ్గర నీళ్ల ట్యాంకు ప్రారంభోత్సవం పెట్టారు. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, కార్యకర్తలు ఫోన్లు పైకెత్తారు. బడిలో మధ్యాహ్న భోజనం వండే భీమమ్మ స్టీలు గ్లాసు కడిగి, నల్లా తిప్పి, నిండుగా పట్టి తెచ్చింది.

"మొదటి గ్లాసు మన సైంటిస్టు సారు తాగాలె. పరీక్ష చేసింది ఆయనే," అన్నాడు వెంకటన్న మైకులో. జనం చప్పట్లు కొట్టారు.

మద్దిలేటి గ్లాసు అందుకున్నాడు. ఒక్క గ్లాసుతో ఏమీ కాదు. ఆ మాట తనే పదిహేడో పేజీలో రాశాడు. గటగటా తాగేసి మూతి తుడుచుకుంటే అయిపోతుంది. కానీ ఎదురుగా పిల్లలు గ్లాసులు పట్టుకుని, తర్వాత తమ వంతేనని వరుసలో నిలబడి ఉన్నారు. పెదవుల దాకా పోయిన గ్లాసు మళ్లీ కిందికి దిగింది.

"ఏంది సారూ, తాగవా?" అంది భీమమ్మ.

"తాగనమ్మా. పిల్లలు గూడ తాగొద్దు."

వెంకటన్న చేతిలోని మైకు ఆ మాటను ఊరంతటికీ వినిపించింది. ఒక "కావచ్చు" కూడా లేకుండా ఇంత చిన్న మాట తన నోట ఎలా వచ్చిందో మద్దిలేటికే అర్థం కాలేదు.

వెంకటన్న మొహం మాడిపోయింది. అయినా ముదిరిన నాయకుడు కదా, ఈ నల్లా చేతులు కడుక్కోవడానికేనని, తాగే నీళ్లు రేపటి నుంచి ట్యాంకరులో వస్తాయని అక్కడికక్కడే ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నాడు. బండి వైపు నడుస్తూ మాత్రం పళ్లు కొరికాడు.

"గీ ముక్క నీ ముప్పై ఎనిమిది పేజీలల్ల యాడ రాసినవయ్యా?"

"ముప్పై ఆరో పేజీల అన్నా. అడుగున."

మద్దిలేటి బండి ఎక్కబోతుంటే భీమమ్మ వెనకాలే వచ్చింది. అతను తాగకుండా తిరిగిచ్చిన గ్లాసు ఆమె చేతిలోనే ఉంది.

"సారూ, గీ సంగతి నీకెప్పుడు తెల్సింది?"

"ఆగస్టుల."

"నల్లా దసరాకే ఇడిసిండ్రు సారూ. గియ్యాల రిబ్బనొక్కటే. రోజూ పోరగాండ్లకు బిందె నింపి పోసేది నేనే."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

మార్చిలో ఫెలోషిప్ వాళ్లు ఒక ఫారం పంపారు. "మీ శాస్త్ర పరిజ్ఞానం వల్ల ప్రజలకు కలిగిన ప్రయోజనం" అని అడిగి, కింద పేజీన్నర ఖాళీ వదిలారు. ఆ ఖాళీ చూస్తే మామూలుగా అయితే మద్దిలేటి ప్రాణం లేచివచ్చేది. ఈసారి రెండు వరుసలే రాశాడు.

"ఈ నీళ్లు తాగొద్దని చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు పిల్లలు తాగారు."