ఎనిమిది సిలిండర్ల మొండితనం

మా నాన్న కారు గురించి మలేసియాలోని మా ఊరు సుంగై పెటానిలో అందరికీ ఒకే అభిప్రాయం ఉండేది. రబ్బరు తోటలో గుమాస్తాగా పనిచేసిన ఆయన, దేశం విడిచి పోతున్న తెల్లదొర దగ్గర దాన్ని కొన్నాడు. అమెరికా బండి. రెండే తలుపులు, పడవంత బానెట్. ఆ బానెట్ ఎత్తితే లోపల ఆరు సిలిండర్ల చిన్న ఇంజిన్ ఓ మూల ఒదిగి ఉండేది. ఆ మోడల్‌కే ఎనిమిది సిలిండర్లది పెట్టి కూడా అమ్మేవారట. మా దొర పిసినారి కాబట్టి చవకది తెప్పించుకున్నాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఎత్తు రోడ్డు మీద మోటారుసైకిళ్ళు మమ్మల్ని దాటిపోతూ హారన్ కొట్టేవి, నాకు ఒళ్ళు మండేది.

నాన్న పోయాక బండి రేకుల షెడ్డులో ఉండిపోయింది. ఇంజిన్ బిగుసుకుపోయింది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఏడాది, దానికి ఎనిమిది సిలిండర్లది పెట్టిస్తానని ఇంట్లో ప్రకటించాను.

"ఏటే, మతి పోయినాదా? ఈ వయసులో ఇంజిన్ మారుస్తావా? కె.ఎల్.లో ఒకాయన ఉన్నదున్నట్టు కొంటానంటన్నాడు లా. అమ్మేద్దాం" అన్నాడు అన్న. కె.ఎల్. అంటే కౌలాలంపూర్, "లా" ఇక్కడి మాటలకుండే తోక.

బండి మా ఇద్దరిదీ. చాలాసేపు అరుచుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. మార్చిన ఇంజిన్‌తో బండి ప్రభుత్వ తనిఖీలో పాసైతే తన వాటా నాకు రాసిస్తాడు. ఫెయిలైతే మారుమాట లేకుండా అమ్మేయాలి. సరేనన్నాను. నాకు ఆ బండి కావాలి. ఎందుకని అడిగిన ప్రతివాడికీ సంజాయిషీ ఇచ్చే ఓపిక నాకు లేదు.

హాఫ్‌కట్ అంగడికి నేనే వెళ్ళాను. జపాన్‌లో పాత కార్లను నడుము దగ్గర కోసి, ముందు సగాలను ఓడల్లో పంపిస్తారు. అవి అక్కడ వరసగా పేర్చి ఉంటాయి. తోడుగా వచ్చిన మా మెకానిక్ నాకంటే పదేళ్ళు చిన్న, ఇంట్లో తమిళం, నాతో తెలుగు. ఒక ఇంజిన్‌ను అక్కడే తిప్పించి, చెవి పెట్టి విని, "ఇది మంచిది అక్కా" అన్నాడు. తర్వాత మూడు నెలలు పని. ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి బండి అడ్డకమ్మీకి తగిలింది, తొట్టిని కోసి మళ్ళీ అతికాం. వెనక చక్రాలను తిప్పే షాఫ్ట్ పొడుగైపోయింది, కురచ చేయించాం. బ్రేకులు, రేడియేటర్, ముందు స్ప్రింగులు అన్నీ మార్చాం. "అక్కా, మీరు నట్టు బిగిస్తే నేను మళ్ళా ఇప్పలేకున్నాను" అని అతను ఏడిపించేవాడు. గట్టిగా బిగించడమే నాకు తెలుసు.

దాన్ని మా బండిలో మొదటిసారి స్టార్ట్ చేసే రోజున పూజ చేశాను. తప్పు అక్కడే జరిగింది, చేసింది నేనే. ఇంజిన్ అంతా గరుకు, ఒక పక్కన మాత్రం జిడ్డు పట్టిన నున్నటి చదరం కనిపించింది. అచ్చం నుదురులా ఉందని పసుపూ గంధమూ కలిపి దట్టంగా పూసి, కుంకుమబొట్టు పెట్టాను. ఇంజిన్ నంబరు చెక్కేది ఆ చదరం మీదేనని ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన ఈ బుర్రకు తట్టలేదు. నెల రోజులు నడిపేసరికి ఆ పూత వేడికి కాలి పెంకులా బిగిసింది.

తనిఖీ రోజున బ్రేకులు పాస్, పొగ పాస్. ఆఫీసరు టార్చి పట్టుకుని వంగి, "నంబరేదీ, కాక్?" అని మలయ్‌లో అడిగాడు. కాక్ అంటే అక్క. నంబరు కప్పేశారంటే దొంగ ఇంజిన్ అనే అనుమానమే ముందొస్తుంది. భోజనాల వేళలోపు కనబడకపోతే ఫెయిల్ రాస్తానన్నాడు.

ఒప్పందంలో తానే నెగ్గుతానని చూడవచ్చిన అన్న ఎక్కణ్ణుంచో గరుకు కాగితం తెచ్చాడు. "గీకేద్దాం లా, రెండు నిమిషాలు."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను" అన్నాను. ఇనుము మెరిసిందా, నంబరు అరగదీశామంటారు. అక్కడితో బండి పని అయిపోతుంది.

ఎదురుగా ఉన్న తినుబండారాల కొట్లో వేడినీళ్ళు, గిన్నెల సబ్బు అడిగి తెచ్చాను. పళ్ళు తోముకునే బ్రష్ ఒకటి కొన్నాను. బానెట్ కిందకి సగం దూరి తోమడం మొదలుపెట్టాను. వరసలో ఉన్న లారీ డ్రైవర్లు చుట్టూ చేరి నవ్వారు. నవ్వనీ! నవ్విన నాపచేనే పండుతుంది. వేళ్ళు కాలాయి, నడుం పట్టేసింది. భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది. చెయ్యి మాత్రం ఆపలేదు. గంటన్నరకు ఒక ఏడు బయటపడింది, దాని పక్కన సున్నా. ఆఫీసరు ఒక్కో అంకె పైకి చదువుతుంటే మాతో వచ్చిన మెకానిక్ ఇంజిన్ కొన్న కాగితంలో సరిచూశాడు. అన్నీ కలిశాయి. ఆఫీసరు ముద్ర వేసి, "ఈసారి పువ్వులు పెట్టండి చాలు" అన్నాడు.

ఇంటికి వస్తుంటే అన్న పక్కసీట్లో కూర్చుని తనిఖీ కాగితాలు తిరగేశాడు. తర్వాత మెల్లగా అందుకున్నాడు. "ఒకటి సెప్తాను, కోప్పడకు. ఇప్పుడు కాగితాలున్నాయి గదా. కె.ఎల్. ఆయన ఇంకా ఎక్కువ ఇస్తాడు. మాట వరసకి అడుగుదాం లా..."

దారిలో బస్సు స్టాండు కనిపించింది. బండి ఆపాను. ఇంజిన్ మాత్రం ఆపలేదు. దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, అన్న వైపు తలుపు నేనే మర్యాదగా తెరిచి పట్టుకున్నాను.