గడ్డకట్టిన గంగమ్మ ముందు

మా బిడ్డ ఉత్తరాన కొండల మీద ఒక ఆసుపత్రిలో నర్సు. నాకు మిగిలింది ఆమె ఒక్కతే. ఉరవకొండ పక్కన పప్పుశనగ చేలల్లో కూలికి పోతున్నదాన్ని, చలికాలంలో పట్టుబట్టి తన దగ్గరికి పిలిపించుకుంది. నేను పోయిన వారం రోజులకే, గడ్డకట్టిన జలపాతం చూసొద్దాం రమ్మంది. నీళ్ళు పడుతూ పడుతూ అట్లే నిలబడిపోతాయట. నాకు చూడాలని లేదు. కానీ వద్దన్నా ఆమె పోయే రకం. అందుకని వెంట పోయాను.

దారి చూపడానికి ఆ ఊరి మనిషి ఒకామె వచ్చింది. మా బూట్ల కింద చాటంత వెడల్పు చెప్పులు పెట్టి పట్టీలు బిగించింది. అవి ఉంటే మంచులో దిగబడరట. మా వీధిలో సాయిబుల ఇళ్ళ మధ్య బతికినదాన్ని కాబట్టి ఆమె హిందీ సగం అర్థమైంది, మిగతాది బిడ్డ చెప్పింది. ఎండ ముదరకముందే వెనక్కి తిరగాలట. వేలాడే మంచుగడ్డల కింద నిలబడకూడదు. ఎవరైనా దిగబడితే పరిగెత్తి పోకూడదు.

 నా మొగుడు బావిలో పూడిక తీస్తుంటే దరి విరిగి మీద పడింది. గట్టిగా ఉందని నలుగురూ అన్న దరే అది. తల మీద వేలాడేదాన్ని దేన్నీ నేను నమ్మను.

కాళ్ళు ఎడంగా పెట్టి నిండు చూలాలి మాదిరి నడిచాను.

"ఏమ్మా, ఇట్ల నడిస్తే పొద్దు మునుగుతాది," అంది బిడ్డ.

"ముందు చూసి నడువు. నన్ను చూసి నగద్దు."

మా చెరువు ఎండినప్పుడు పైన పెచ్చు కట్టి, కింద బురద అట్లే ఉంటుంది. ఎనుములు దిగి ఇరుక్కుంటాయి. ఈ తెల్లదాని అడుగున ఏముందో ఎవరు చూశారు? కర్రతో పొడుచుకుంటూ, బిడ్డ వీపు మీద నుంచి చూపు తిప్పకుండా పోయాను.

కొండ పైనుంచి కిందిదాకా నీళ్ళు కొయ్యబారి ఉన్నాయి. లోపల ఎక్కడో సన్నగా పారే చప్పుడు. మా ఊళ్ళో బోరులో కొత్తగా నీళ్ళు పడితే, చెప్పులు విడిచి గంగమ్మకు మొక్కనిదే ఎవరూ దోసిలి పట్టరు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కాచుకున్నదాన్ని, అంత నీటిని ఒక్కచోట ఎప్పుడు చూశాను? నా చేతులు వాటంతటవే పట్టీలు విప్పేశాయి. బూట్లు కూడా తీసి ఒక్క అడుగు వేశాను. తొడల దాకా దిగిపోయాను.

బిడ్డ అవతలి పక్క ఫోటోలు తీసుకుంటోంది. మా ఇద్దరి నడుమ తల మీద గడ్డలు వేలాడుతున్నాయి. నన్ను చూసి వాటి కిందుగానే పరిగెత్తింది. దారి చూపే ఆమె ఆగమని అరిచింది. బిడ్డ ఆగలేదు. పైన ఎక్కడో టక్కుమంది.

"ఆన్నే ఉండు పాపా! నేను సచ్చేది లేదు. నువ్వు రావద్దు."

ఆగింది. మెల్లగా వెనక్కి జరిగింది. 

దారి చూపే ఆమె నా వెడల్పు చెప్పుల్ని నా ముందర పరిచి, వాటి మీద బోర్లా పడుకోమని, కర్ర అందించి ఈడ్చింది. పైనుంచి ఏమీ పడలేదు. నాకు మాత్రం ఇప్పటికీ నిద్రలో పడుతూనే ఉంటుంది.

బిడ్డ దూరంగా చుట్టు తిరిగి వచ్చింది. ఆ ఊరామె తన కోటు విప్పి నా పాదాల్ని కడుపుకు ఆనించుకుంది. నేను రుద్దుకోబోతే, చర్మం పోతుందని బిడ్డ నా చేతులు పట్టుకుంది. వేళ్ళు మైనం మాదిరి పాలిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ నొక్కి చూసింది.

"తెలుస్తాందా మా?"

తెలియలేదు. తెలుస్తోందని అబద్ధం చెప్దామనుకుని కూడా తల అడ్డంగా ఊపాను. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అడిగింది. చాలాసేపటికి బొటనవేలు నిప్పు తొక్కినట్టయింది.

"మండుతాండాదే," అన్నాను.

అప్పుడు మొదలుపెట్టింది తిట్టడం. "గంగమ్మ అడిగిందా నిన్ను చెప్పులిడవమని? నాకు ఇంగెవరుండారు మా?"

నాకు బూట్లు తొడిగి, పట్టీలు బిగించి, దిగే దారి పొడవునా తిడుతూనే ఉంది.  కాళ్ళు మండుతుంటే వెనకాలే నడిచాను. ఊపిరి కోసం ఆమె తిట్టు కాస్త ఆపినా నాకు దడ పుట్టేది. తిట్టు వినబడినంతసేపూ నా బిడ్డ ప్రాణంతో నా ముందర నడుస్తున్నట్టు లెక్క.