కనిట్కర్ మేడమ్ తిట్లు

డాక్టర్ వసుధా కనిట్కర్‌కు ఉన్నది ఒకటే అలవాటు: మైక్రోస్కోప్‌లో కనిపించే కేన్సర్ కణాలను నోరారా తిట్టడం.

ముంబైలోని ఆ ఆసుపత్రి మేడ మీద ప్రయోగశాలలో అందరూ గుసగుసగా మాట్లాడుకుంటే, ఆవిడ గొంతు కింద వడాపావ్ బండి దాకా వినిపించేది.

"సిగ్గులేదుట్రా మీకు? మందేసి నెత్తురు దారి మూసేస్తే పక్కనున్న పాత రక్తనాళాన్ని వాటేసుకుంటారా? ఒక కబురు ఆపితే దొంగతనంగా ఇంకో కబురు పంపి కొత్త నాళాలు మొలిపించుకుంటారా? దొంగ సచ్చినోళ్లారా!"

ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న మృణాల్‌కు తల కొట్టేసినట్టుండేది.

"మేడమ్, కణాలకు మరాఠీ రాదు."

"నేర్చుకుంటాయిలే! ఏ మందు వేసినా నాలుగు నెలల్లో దాని గుట్టు నేర్చేసుకోవట్లా?"

ఒక వానాకాలపు పొద్దున హౌసాబాయి వచ్చింది. కోళీవాడ అనే జాలరిపేటలో చేపలమ్మే మనిషి. ఆమె మూత్రపిండంలోని గడ్డ మాత్రలతో సగానికి సగం తగ్గి, మళ్లీ పెరిగింది. డాక్టర్లు మందు మారుస్తామన్నారు. ఆ గడ్డ ముక్క అప్పుడు మేడమ్ బల్ల మీదే ఉంది.

"ఇంకే మందూ వద్దు బాయీ, ఆ మాట చెప్పి పోదామనే వచ్చా," అంది హౌసాబాయి గుమ్మంలోనే నిలబడి. "నీచు ముట్టకూడని శ్రావణంలో ఎండు బొంబిల్ చేప ముక్క నోట్లో వేసుకున్నా. అందుకే మందు చెడిందని మా అత్త అంటోంది. నా పాపం నాది."

మేడమ్ ఓదార్చలేదు. గిరుక్కున మైక్రోస్కోప్ వైపు తిరిగింది.

"విన్నార్రా? వెధవపని మీరు చేస్తే నేరం చేపముక్క మీద పడింది!"

హౌసాబాయిని లాక్కొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"చూడు. దారి మూస్తే పాత నాళాన్ని ఎలా చుట్టుకున్నాయో! శ్రావణమంతా ఉపవాసమున్నవాళ్ల గడ్డల్లోనూ ఇదే నాటకం."

హౌసాబాయి చాలాసేపు చూసింది.

"అయితే... నా తప్పేం లేదా?"

"తప్పెవరిదో వాళ్లనే తిట్టు."

అప్పుడు లేచింది చేపల బజారు గొంతు! కణాల ఏడుతరాలూ బయటికొచ్చాయి. గాజుగొట్టాలు గలగలలాడాయి. మృణాల్ తలుపు మూయబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ పోరీ. బయట బెంచీ మీద కూర్చున్న రోగులు ఒక్కొక్కరూ ఒక్కో బొంబిల్ ముక్కను మనసులో మోస్తున్నారు. వాళ్లు వినాలనేగా ఇన్నాళ్లూ నేను గొంతు చించుకుంటోంది."

మృణాల్ తలుపు వదిలేసి, బెంచీ మీదివాళ్లకు కూడా కనిపించేలా పక్కకు జరిగింది.

హౌసాబాయి కొంగుతో మూతి తుడుచుకుంది. ముఖం తేటపడింది.

"కొత్త మందు ఎప్పుడు మొదలెడతారు బాయీ?"

"సోమవారం," అంది మేడమ్. తర్వాత కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించింది. "వాళ్ల తాతను ఏదో అన్నావే, నాకు సరిగ్గా వినబళ్లేదు. ఇంకోసారి అను."