చిన్నమ్మ మిక్సీ, నా షార్ట్‌వేవ్ రేడియో

ప్రపంచం ఇంకా జేబులోకి దూరని ఆ రోజుల్లో, ఎక్కడో దూరదేశపు గొంతు మన డాబా మీద వినపడటమే ఘనకార్యం. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అఫ్జల్‌గంజ్ హోల్‌సేల్ దుకాణంలో మొదటి జీతం రాగానే, సెల్లులతో నడిచే పుస్తకమంత షార్ట్‌వేవ్ రేడియో ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. విదేశీ స్టేషన్ అరగంట విని, ఏం విన్నామో, ఎంత స్పష్టంగా విన్నామో రాసి పంపితే, వాళ్లు బొమ్మల కార్డు పంపేవారు. ఆ కార్డు కోసం పెళ్లి సంబంధానికన్నా ఎక్కువ ఆరాటపడ్డాను.

నాకు కావలసిన స్టేషన్ సాయంత్రం ఐదున్నరకు వచ్చేది. సరిగ్గా అప్పుడే రేడియోలో గర్రుమని మోత. శత్రుదేశం వాళ్లు కావాలనే అడ్డుకుంటున్నారని పదిహేను రోజులు నమ్మాను. (ప్రపంచ రాజకీయాలు తెలిసినవాడినని దుకాణంలో నాకు పేరు.) ఒకరోజు ఆ మోతతో పాటే కిందినుంచి ధనియాల వాసన వచ్చింది. శత్రుదేశం మా చిన్నమ్మ మిక్సీ. ఆమె మసాలా పొడులు పట్టి గల్లీలో అమ్మేది.

“చిన్నమ్మా, రేపు అర్ధగంట మిక్సీ ఆపరాదు? బయటి దేశం నుంచి కార్డు వస్తది.”

“ఎవరి పేరు మీద?”

“నా పేరు మీదనే.”

“గట్లనా,” అంది.

మర్నాడు మిక్సీ ఆపడమే కాదు, మొత్తం ఇంటి ఫ్యూజే పీకేసి డాబా మీదికి వచ్చింది. కింద అద్దెకుండే టైలర్ భాయ్ కత్తెరతోనే పైకి వచ్చాడు. “క్యా హువా, లైట్ గయీ?”

“మావోడు దూరదేశం ముచ్చట వింటుండు భాయ్. జర ఆగు.”

ముగ్గురం పిట్టగోడ దగ్గర కూర్చుని, అరగంట సేపు ఎవరిదో గోధుమ పంట గురించి విన్నాం. పక్కింట్లోంచి మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. రిపోర్టులో నిజాయితీగా, “చిన్నమ్మ మిక్సీ ఆపినందున అంతరాయం లేదు” అని రాశాను.

రెండు నెలలకు కార్డు వచ్చింది. వెనక ఎవరో చేత్తో ఇంగ్లీషులో రాశారు: “మీ చిన్నమ్మగారికి మా కృతజ్ఞతలు.” అది చదివి వినిపించడమే నేను చేసిన తప్పు.

“రాసింది నాకైతే నీదెట్లయితది?” అని తీసుకుని, దేవుడి అరలో పెట్టి బొట్టు పెట్టింది.

ఇప్పుడు ప్రతి ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు. వాటి వల్ల రేడియోలో అంతా గరగరే. కరెంటు పోతేనే ఏదో ఒక గొంతు అందుతుంది. గల్లీ అంతా విసుక్కుంటుంటే, డెబ్బై దాటిన చిన్నమ్మ మాత్రం మెట్ల దగ్గర్నుంచి పిలుస్తుంది.

“అరే, కరెంటు పోయింది. డబ్బా తే. ఈసారి కార్డొస్తే నువ్వే తీస్కో.”

ఆ స్టేషన్ మూతపడి ఏళ్లయిందని ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. రేడియో పట్టుకుని డాబా ఎక్కుతాను.